ట్రాక్టర్ రైతుది, తాళం కంపెనీది

అమెరికాలో రైతు తన ట్రాక్టర్ తాను రిపేరు చేసుకోడానికి కాపీరైటు చట్టం అడ్డమొచ్చింది. సినిమా, పాటల కంపెనీలు గట్టిగా పట్టుబట్టడంతో 1998లో రెండు పెద్ద పార్టీలూ కలిసి ఆ చట్టాన్ని ఆమోదించాయి. దొంగ కాపీలు ఆపాలని, సాఫ్ట్‌వేరుకు వేసిన తాళం ఎవరూ తీయకూడదన్నారు. ట్రాక్టర్లలోకి కంప్యూటర్లు వచ్చేసరికి ఆ తాళమే రైతు చేతులు కట్టేసింది.

మినహాయింపు ఇవ్వొద్దని జాన్ డీర్ కంపెనీ వాదించింది. అయినా 2015లో రైతుకు, 2018లో బయటి మెకానిక్కుకు వెసులుబాటు దొరికింది. తాళం తీసే పరికరాలు అమ్మడం మాత్రం కుదరదు. అందుకే 2023లో కొలరాడో రాష్ట్రం, రిపేరు సాఫ్ట్‌వేరు, పరికరాలు కంపెనీలే రైతుకు ఇవ్వాలని చట్టం చేసింది.

కంప్యూటరున్న యంత్రం కొనే రైతులు, బయట రిపేరు చేయించుకోవచ్చో లేదో డీలరును ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలి.