ఇల్లు మారుతున్నారా... ఆ టేబుల్ సంగతేంటి?

ఇల్లు మారాలనుకోగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి బీరువా, ఫ్రిజ్, వంటింటి సామాన్లు. పాలు ఎన్నింటికి పొంగించాలి, దేవుడి పటాలు ఎవరు పట్టుకెళ్లాలి అన్నవి ఫోన్ల మీద ఫోన్లు చేసి మరీ తేలుస్తాం. కిటికీ పక్కనున్న ఆఫీసు టేబుల్‌ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ‘దాన్దేముంది, ఒక ల్యాప్‌టాపూ నాలుగు వైర్లేగా’ అనుకుంటాం. తీరా సోమవారం పొద్దున తొమ్మిదింటికి మీటింగ్ ఉంటే, చార్జర్ ఏ డబ్బాలో ఉందో తెలీదు. డబ్బాలేమో ఇరవై ఏడు!

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు డైనింగ్ టేబుల్ చివర మొదలైన ఆఫీసులు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లవే కాదు... ట్యూషన్లు, జీఎస్టీ లెక్కలు, ఆన్‌లైన్లో చీరల అమ్మకాలు ఇంట్లోంచే నడుస్తున్నాయి. ఇంటి అద్దె కట్టేది ఆ టేబులే. దాన్ని ఫర్నిచర్‌లా కాకుండా, దుకాణాన్ని తరలించినట్టు తరలించాలి. అన్నిటికన్నా చివర విప్పాలి, కొత్తింట్లో అన్నిటికన్నా ముందు బిగించాలి.

ఇక్కడో మాట. భార్యాభర్తలిద్దరూ ఇంటి నుంచి పనిచేసేచోట ఆయన మానిటర్‌కి బబుల్ ర్యాప్ చుడతారు, ఆమె ల్యాప్‌టాప్ దుప్పట్ల మధ్య దూరుతుంది. పైగా వారం ముందునుంచీ సర్దుడంతా ఆమె మీదే. ఆమెకీ సోమవారం పొద్దున మీటింగే ఉంటుంది కదా! ముహూర్తం పెట్టేటప్పుడే ఇద్దరి ఆఫీసు క్యాలెండర్లూ పంచాంగం పక్కన పెట్టుకోండి.

వైరు పీకే ముందు టేబుల్ వెనక భాగాన్ని ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకోండి. ఏది ఎక్కడ గుచ్చాలో గుర్తుంచుకునే బాధ తప్పుతుంది. ఒక్కో పరికరం వైర్లని ఒక్కో జిప్ కవర్లో వేసి, పైన పేరు రాయాలి. మానిటర్ కొన్ననాటి అట్టపెట్టె అటక మీదుంటే అదృష్టమే. లేకపోతే తెర ముందు మందపాటి అట్ట పెట్టి, పైన దుప్పటి చుట్టి, నిలబెట్టి తీసుకెళ్లాలి. పడుకోబెట్టి పైన ఇంకో డబ్బా పెడితే తెర పనైపోయినట్టే. స్టాండు మరలు చిన్న కవర్లో వేసి మానిటర్ వెనకే అంటించేయండి.

ప్రింటర్‌తో ఇంకొంచెం తంటా. ఇంకు ట్యాంకు ఉన్నదైతే మూతలు బిగించి, ఒరగకుండా ఒళ్లో పెట్టుకున్నట్టు తీసుకెళ్లాలి. లేదంటే సిరా పుస్తకాల డబ్బా దాకా పారుతుంది. ప్లగ్గు పీకేముందు దాని బటన్‌తోనే ఆపాలి, అప్పుడే లోపలి హెడ్ తన చోటికి చేరుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో యాసిడ్ ఉంటుంది కాబట్టి దాన్ని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో విప్పించి, నిలువుగానే ఉంచాలి.

ఇవన్నీ పోయినా డబ్బుతో మళ్లీ వస్తాయి. హార్డ్ డిస్కులోని పదేళ్ల పని రాదు. అందుకే లారీ రావడానికి రెండ్రోజుల ముందే బ్యాకప్ తీసి, ఒక కాపీ క్లౌడ్‌లో, ఇంకోటి మీ హ్యాండ్‌బ్యాగులో ఉంచుకోండి. సర్టిఫికెట్లు, అద్దె ఒప్పందం, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, ఆఫీసు ల్యాప్‌టాప్... ఇవేవీ ప్యాకర్స్ డబ్బాల్లోకి వెళ్లకూడదు. వాళ్లు ఎంత నమ్మకస్తులైనా సరే, బంగారంతో పాటే ఇవీ మీ వెంటే రావాలి.

పాత కాగితాలు పారేద్దామని చేతులు ఉవ్విళ్లూరే సమయం కూడా ఇదే. జీఎస్టీ ఉన్నవాళ్లు కాస్త ఆగండి. ఆ లెక్కలూ బిల్లులూ వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. రిజిస్ట్రేషన్ ఇంటి చిరునామాతోనే ఉంటే, మారిన 15 రోజుల్లోగా పోర్టల్లో సవరణకు పెట్టుకోవాలి. హైదరాబాద్ నుంచి విజయవాడకు మారితే రాష్ట్రమే మారింది కాబట్టి సవరణ సరిపోదు, కొత్త రిజిస్ట్రేషన్ కావాలి. ఉద్యోగులైతే కొత్త చిరునామా ఆఫీసుకి చెప్పాలి. చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్ ఎక్కడుందో నమోదు చేసుకుంటాయి.

ఇక ఇంటర్నెట్. ఇల్లు ఖాయం కాగానే, అడ్వాన్సు ఇచ్చిన రోజే అడగండి... ఆ వీధిలో ఫైబర్ ఉందా, మీ కనెక్షన్ అక్కడికి మారుతుందా అని. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఒకరిద్దరు ఆపరేటర్లనే రానిస్తారు. లైను పడేదాకా హాట్‌స్పాట్ కోసం ఫోన్లో డేటా వేయించుకోండి. కొత్తింట్లో ఏ గదిలో సిగ్నల్ అందుతుందో ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడే పరీక్షించాలి. ప్లగ్గులూ అప్పుడే చూసుకోవాలి. వాస్తు ప్రకారం తూర్పుముఖంగా కూర్చుందామని టేబుల్ అటు జరుపుతాం, ప్లగ్గేమో పడమటి గోడకుంటుంది! పాలు పొంగేలోపు ఎలక్ట్రీషియన్ దొరకడు కాబట్టి, ఓ పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు, చార్జర్లు, మౌస్, రూటర్ ఒకే సంచిలో వేసి కారు ముందు సీట్లో పెట్టేయండి.