చలి లేని ఊళ్లో చలి టమోటా

ముందుగా పండుతుంది, చలికి తట్టుకుంటుంది. విత్తనాల ప్యాకెట్ మీద కనిపించే ఈ రెండు హామీల్లో కాణిపాకం పెరటికి పనికొచ్చేది ఒక్కటే. అదేదో తేలాలంటే ప్యాకెట్‌ను తిప్పి చూడాలి.

ఎడిటర్ గారి పురమాయింపు ఒక్క ముక్కలో ఉంది: చలికి తట్టుకుని తొందరగా పండే టమోటాలు ఇంటి పెరట్లో ఎలా పెంచాలో కాణిపాకం చుట్టుపక్కల చూసి రాయాలి, బుధవారం సాయంత్రానికి పేజీ వెళ్లిపోవాలి. వరసిద్ధి వినాయకుడి ఊళ్లో చలి! డిసెంబరు, జనవరి నెలల్లోనూ చిత్తూరు పరిసరాల్లో పగలు 28, 29 డిగ్రీలు ఉంటుంది. రాత్రి సాధారణంగా 17, 18 దగ్గర ఆగుతుంది. తెల్లవారుజామున బాహుదా ఒడ్డుకు దర్శనానికి వచ్చినవాళ్లు శాలువా కప్పుకుంటే కప్పుకోవచ్చు, టమోటాకు మాత్రం ఆ అవసరం లేదు. పూత రాలకుండా పిందె కట్టడానికి ఆ మొక్క కోరుకునేది రాత్రి 15 నుంచి 20 డిగ్రీలే. మనం చలికాలం అంటున్నది దానికి మంచికాలం.

చిత్తూరులో విత్తనాల కొట్టుకు పోయి "చలికి తట్టుకునే టమోటా ఉందా అన్నా?" అంటే, "ఈడ చలి యాడుంది సామీ!" అని నవ్వి, ఉన్న ప్యాకెట్‌నే బల్ల మీద పెట్టాడు కొట్టాయన. ఈ కథనంలో పెద్ద భాగం ఆ ప్యాకెట్ వెనకవైపు నుంచి వచ్చింది.

ముందు కంపెనీ మాట, వెనక చట్టం మాట

ముందువైపు మామూలే. నిగనిగలాడే ఎర్రటి గుత్తి, దాని పక్కన త్వరగా కాపు, అధిక దిగుబడి అన్న అక్షరాలు. వెనకవైపు చూడాలంటే కళ్లజోడు పెట్టుకోవాలి. అక్కడ రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష జరిపిన తేదీ, ఏ తేదీదాకా చెల్లుతుంది, మొలక శాతం, భౌతిక స్వచ్ఛత, నికర బరువు, పూసిన మందు పేరు వరుసగా ఉంటాయి. ఇవన్నీ 1966 నాటి విత్తన చట్టం, 1968 నాటి నియమాలు రాయించేవి.

ఒక్కో గడినీ చదివితే పెరటి మనిషికి చాలా సంగతులు తెలుస్తాయి. మొలక శాతం గడిలో కనీసం 70 అని ఉంటుంది. టమోటాకు మన దేశంలో నిర్ణయించిన కనీస ప్రమాణం అది. పది గింజలు వేస్తే ఏడు మొలవాలి, అదీ ప్రయోగశాలలో 20, 30 డిగ్రీల మధ్య సరైన తేమలో. మిద్దె మీద కుండీలో ఐదు మొలిచినా బాధపడాల్సిన పని లేదు. భౌతిక స్వచ్ఛత 98 శాతం అంటే, పొట్టు, మట్టి, విరిగిన గింజలు అన్నీ కలిపి నూటికి రెండు వంతులు దాటకూడదని. మామూలు సంచిలో పోసిన విత్తనంలో తేమ 8 శాతం మించకూడదు, గాలి చొరని ప్యాకెట్ అయితే 6 శాతమే.

చెల్లుబాటు తేదీ పరీక్ష జరిగిన నాటి నుంచి తొమ్మిది నెలలు. అది చట్టం పెట్టిన గడువు. గింజ అంతకంటే గట్టిది, పొడిగా, చల్లగా దాచితే నాలుగేళ్ల తర్వాత కూడా మొలుస్తుంది. కాబట్టి ఇంట్లో మిగిలిన ప్యాకెట్‌ను గడువు దాటిందని పారేయక్కర్లేదు, కొట్లో గడువు దాటిన ప్యాకెట్‌ను మాత్రం కొనకూడదు.

ఇక బరువు. గ్రాముకు 300 నుంచి 400 గింజలు తూగుతాయి. రైతుల కోసం కట్టిన పది గ్రాముల ప్యాకెట్‌లో మూడు వేలకు పైగానే ఉంటాయి. నలుగురున్న ఇంటికి ఆరు మొక్కలు చాలు. గులాబీ రంగులోనో ఆకుపచ్చగానో మెరిసే గింజలకు థైరమ్ లాంటి మందు పూసి ఉంటుంది. విషం, తినరాదు, పశువులకు పెట్టరాదు అని అక్కడే రాసి ఉంటుంది. పిల్లల చేత విత్తనాలు వేయించి మురిసిపోయే ముందు ఆ గడి ఒకసారి చూడండి.

ఇన్ని గడులున్న ఆ వెనకవైపు, ఎన్ని రోజులకు పండుతుందో చెప్పమని చట్టం అడగదు. ఎంత చలికి తట్టుకుంటుందో, ఎంత ఎండకు నిలుస్తుందో కూడా అడగదు. మొలకకు పరీక్ష ఉంది, తేదీ ఉంది, తప్పితే శిక్ష ఉంది. మనం డబ్బు పెట్టి కొనే ఆ రెండు గుణాలూ మాత్రం ముందువైపు బొమ్మ పక్కన, కంపెనీ పూచీ మీదే ఉన్నాయి. ఈ ఖాళీ కనిపించాకే నాకు ఈ కథనం మీద ఆసక్తి పుట్టింది.

అరవై రోజులంటే ఎప్పటి నుంచి?

ప్యాకెట్ మీద అరవై రోజులు అని ఉంటే, దాదాపు ఎప్పుడూ అది నారు నాటిన రోజు నుంచి లెక్క. నారుమడిలోనో ట్రేలోనో గడిచిన 25, 30 రోజులు అందులో ఉండవు. గింజ వేసిన రోజు నుంచి లెక్కపెడితే తొంభై. పైగా ఆ తేదీకి వచ్చేది మొదటి పండు. ఊరిబిండికి సరిపడా చేతికందాలంటే ఇంకో వారం, పది రోజులు ఆగాలి.

ఆ అరవై ఎక్కడ లెక్కపెట్టారన్నది ఇంకో ప్రశ్న. మొక్క క్యాలెండరు చూసి పెరగదు, వేడిని కూడబెట్టుకుని పెరుగుతుంది. టమోటాకు 10 డిగ్రీల కింద ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది కాబట్టి, రోజు సగటు ఉష్ణోగ్రతలోంచి పది తీసేసి మిగిలినదాన్ని కలుపుకుంటూ పోవడం వ్యవసాయ శాస్త్రంలో ఒక పద్ధతి. ఉదాహరణకు రోజు సగటు 17 డిగ్రీలున్న శీతల దేశంలో 55 రోజులకు పండే రకం కూడబెట్టే వేడి 385. సగటు 23 ఉండే మన శీతాకాలంలో అదే 385 ముప్పై రోజుల్లో పూర్తవుతుంది.

కాగితం మీద బాగుంది. కానీ పువ్వు విచ్చాక కాయ సైజు పెరిగి, రంగు తిరగడానికే నెలకు పైగా పడుతుంది. చిన్న చెర్రీ రకాలకూ అయిదారు వారాలు కావాలి. కాబట్టి ముప్పై రోజుల పండు మాట మరిచిపోండి. ఈ లెక్క చెప్పేదొక్కటే: చల్లటి నేలకు త్వరపడేలా తయారైన మొక్క మన నేలలో ఇంకా కంగారుపడుతుంది. గట్టిగా ఆకు పట్టకముందే పూత వేస్తుంది, పొట్టిగా ఉండిపోతుంది, నాలుగు గుత్తులిచ్చి అలిసిపోతుంది. ఆకు పలచన గనక మార్చి ఎండ నేరుగా కాయ మీద పడి తెల్లటి మచ్చలు లేస్తాయి.

బయటి నుంచి విత్తనం తెప్పించుకుందామనే వాళ్లకు రెండు హెచ్చరికలు. ఇక్కడి తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ లేని దేశాల్లో పుట్టిన రకాలకు దాన్ని తట్టుకునే శక్తిని ఎవరూ ఎక్కించి ఉండరు. రెండోది, 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనం తేవడం కుదరదు. మినియాపొలిస్ నుంచి వచ్చే అల్లుడి సూట్‌కేసుకు కూడా ఇది వర్తిస్తుంది.

చలి టమోటా ఎవరి కోసం?

చరిత్ర గబగబా చెప్పుకుందాం. ఆండీస్ కొండల్లో పుట్టిన మొక్క మెక్సికోలో పంటగా మారి, పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్లతో ఐరోపాకు చేరింది, పోర్చుగీసువాళ్ల వెంట మన దేశానికి వచ్చిందని చెబుతారు. వెచ్చటి నేల బిడ్డను చలి దేశాలు వదల్లేదు. చెకొస్లొవేకియా నుంచి స్టూపిచె వచ్చింది. కెనడాలోని ఆల్బెర్టా రాష్ట్రపు బీవర్‌లాడ్జ్ పరిశోధన కేంద్రం సబ్ ఆర్కిటిక్ ప్లెంటీని తయారుచేసింది. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో జేమ్స్ బ్యాగెట్ ఒరెగాన్ స్ప్రింగ్‌ను రూపొందించారు. చలికి పుప్పొడి పనిచేయకపోయినా గింజ లేకుండానే కాయ కట్టడం దాని ప్రత్యేకత. మన దగ్గర ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పూసా శీతల్‌ను ఇచ్చింది. రాత్రి 8 డిగ్రీలకు దిగినా పిందె కడుతుంది, ఉత్తరాది మైదానాల కోసం చేసిన రకం.

వీటిలో ఏదీ మంచును తట్టుకోదు. సున్నాకు దిగితే సబ్ ఆర్కిటిక్ అని పేరున్నదైనా నల్లబడి చస్తుంది. చలి తట్టుకోవడం అంటే ఇక్కడ అర్థం, చల్లటి రాత్రుల్లోనూ పూత రాల్చకుండా పిందె కట్టడం. ఎడ్మంటన్‌లోనో మినియాపొలిస్‌లోనో మార్చి, ఏప్రిల్‌లో ఇంటి లోపల దీపాల కింద నారు పోసుకుని, మే నెల చివర బయట నాటే తెలుగువాళ్లకు ఈ రకాలు ప్రాణం. వాళ్లకు పంట తొలి మంచు పడేలోపు చేతికి రావాలి.

మన దగ్గర గడువు పెట్టేది ఎండ. చిత్తూరులో మార్చిలో పగలు 35 డిగ్రీలు దాటడం మామూలు. ఆ వేడికి పుప్పొడి చెడుతుంది, పూత రాలుతుంది. ఉన్న కాయకు కూడా 30 దాటిన వేడిలో ఎరుపు సరిగా పట్టదు, నారింజ రంగులో ఆగిపోతుంది. వాళ్లు మంచు కంటే ముందు పండించుకోవాలి, మనం ఎండ కంటే ముందు పండించుకోవాలి. అందుకే 'ముందుగా' అన్న మాట మనకూ కావాలి, 'చలికి' అన్న మాటకు అదనంగా రూపాయి కూడా పెట్టక్కర్లేదు.

ఆ పనికి విదేశీ పేర్లు వెతకనక్కర్లేదు. నాటిన 60, 65 రోజులకు కోతకొచ్చే పూసా రూబీ, అంతకంటే కాస్త ముందుండే పూసా ఎర్లీ డ్వార్ఫ్ పాతకాలపు సూటి రకాలు, గింజ తీసి మళ్లీ వేసుకోవచ్చు. ఆకుముడత భయం ఉన్నచోట బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ మేలు. ఆకుముడత, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. అది హైబ్రిడ్ కాబట్టి ఏటా విత్తనం కొనాల్సిందే.

డబ్బు మిగులుతుందా?

ఇక్కడ నాకు అనుమానమే. ఫిబ్రవరి, మార్చిలో మన పెరట్లో కాయలు ఎర్రబడే వేళకు చుట్టుపక్కల చేలల్లోనూ పంట దిగుతుంది, చాలా ఏళ్లు ఆ రోజుల్లో ధర పడిపోతుంది. కూలి కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోసిన సందర్భాలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో మేలురకం కిలో 200 రూపాయలకు చేరువైంది. ఆ సమయానికి పెరటి మొక్కను పీకేసి నెలలు గడిచి ఉంటాయి. ధర ఎక్కినప్పుడు కాయ కావాలంటే రాత్రి వేడికి పిందె నిలిచే రకం వెతకాలి. రాత్రి 28 డిగ్రీల్లోనూ పిందె కట్టే పూసా హైబ్రిడ్-1 అలాంటి ప్రయత్నం. కొట్లో అడగాల్సిన ప్రశ్న కూడా అదే.

మరి చలికాలపు ఆరు మొక్కలు ఎందుకు? రుచి కోసం. లారీ ఎక్కే కాయను దోరగా ఉండగానే కోస్తారు, రంగు దారిలో తిరుగుతుంది. తీగ మీదే పూర్తిగా పండినది ఇంట్లో తప్ప దొరకడం కష్టం. సంగటి పక్కన ఒకసారి దాన్ని నూరి చూస్తే లెక్క అక్కడే తేలిపోతుంది.

పెట్టె: నిజమైన చలి ఫ్రిజ్‌లో

కాణిపాకంలో టమోటాకు చలి పెట్టే చోటు ఒక్కటే, వంటింట్లో ఫ్రిజ్. పండిన కాయను 12 డిగ్రీల కింద దాచితే వాసన తగ్గిపోతుంది. 5 డిగ్రీల్లో వారం ఉంచితే సువాసన పదార్థాలను తయారుచేసే జన్యువులు మందగిస్తాయనీ, తిరిగి బయట పెట్టినా అవి పూర్తిగా కోలుకోవనీ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2016లో చూపించారు. కోసిన కాయలు నీడలో, తొడిమ కిందికి ఉండేలా పెట్టండి.

పెట్టె: పెరటి పంచాంగం

వినాయక చవితి: ఇక్కడి బ్రహ్మోత్సవాల 21 రోజులకు మరో వారం కలిస్తే నారుకు సరిపోతుంది. కానీ నాటాక అక్టోబరు, నవంబరు వానలు తగులుతాయి. మచ్చ తెగులు, కాయ పగుళ్లు తప్పవు. మిద్దె మీద రేకు నీడ ఉన్నవాళ్లకే ఇది.

కార్తీకం చివర: అసలు అదను. గింజ అర అంగుళం లోతున చాలు.

ధనుర్మాసం మొదట్లో: నాలుగైదు ఆకుల నారు సాయంత్రం పూట నాటాలి. మొక్కకూ మొక్కకూ రెండడుగులు, కుండీ అయితే ఒక్కో దానికి ఒక్క మొక్కే. కట్టె అప్పుడే పాతితే వేరు తెగదు.

సంక్రాంతి నుంచి: పూత. నీళ్లు ఒకరోజు వరదగా, మరునాడు అసలే లేకుండా పోయొద్దు. కాయ అడుగు నల్లబడడానికి మొదటి కారణం అదే.

మాఘం నుంచి ఉగాది దాకా: కోత. ఉగాది దాటాక మొక్కను బతికించే ప్రయత్నం మాని, పీకేసి ఆ జాగాలో గోరుచిక్కుడు వేసుకోండి.