మోరీ కట్టే ముందు మమ్మల్ని అడిగిండ్రా?

పోయిన వానాకాలంలో ఓ సాయంత్రం నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. ధన్యవాదాలు' అని. అప్పటికి నేను మా అరుగు మీద నిలబడి ఉన్నాను. మెట్లు దిగితే పిక్కల దాకా మురుగునీళ్లు!

హైదరాబాద్‌కి రెండు గంటల దూరంలో ఉన్న చిన్న మున్సిపాలిటీ మాది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వర్క్ ఫ్రం హోమ్ పుణ్యమా అని మూడేళ్లుగా సొంతూళ్లోనే ఉండి పనిచేసుకుంటున్నా. మా ఆఫీసులోనూ రోజూ ఇలాంటి ఫిర్యాదులే వస్తాయి. వాటిని టికెట్లు అంటాం. సాయంత్రానికి ఎన్ని మూసేశామన్నదే లెక్క. టికెట్ మూసేయడం వేరు, సమస్య తీరడం వేరని తెలియక కాదు. కాకపోతే అవతలి పక్క నిలబడి చూడటం అదే మొదటిసారి.

నిజం చెప్పాలంటే మున్సిపాలిటీ వాళ్లు రాకుండా లేరు. నేను యాప్‌లో పెట్టిన రెండో రోజే వచ్చి మోరీలో పూడిక తీశారు, ఫొటో తీసుకుని వెళ్లారు. వాళ్ల లెక్కలో పని అయిపోయింది. మళ్లీ వాన పడింది, మళ్లీ పొంగింది. ఆ సీజన్‌లో నేను మూడుసార్లు ఫిర్యాదు పెట్టాను, మూడుసార్లూ 'పరిష్కరించబడింది'.

నాలుగోసారి యాప్ తెరవబోతుంటే మా వీధి చివర కిరాణా కొట్టు పెద్దమ్మ నవ్వింది. ఆమె ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంటోంది.

"పూడిక తీస్తే ఏమైతది బిడ్డా? ఈడ మునుపు కుంట ఉండె. అలుగు పారితే నీళ్లు గా ఫంక్షన్ హాల్ ఎనకకెల్లి పోతుండె. వీళ్లేమో మోరీని ఇటు తిప్పిండ్రు. నీళ్లకు తెల్వదా యాడికి పోవాల్నో? కట్టే ముందు మమ్మల్ని ఒక్క మాట అడిగిండ్రా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేను కూడా ఎప్పుడూ అలా ఆలోచించలేదు. పౌరుడిగా నా బాధ్యత అంటే ఐదేళ్లకోసారి ఓటు, మధ్యమధ్యలో ఫిర్యాదు అనుకున్నాను. కానీ ఫిర్యాదు అనేది నిర్ణయం అయిపోయాక చేసేది. మోరీ ఏ వైపు తిప్పాలన్నది కాగితం మీద ఉన్నప్పుడైతే పెన్సిల్ గీత చెరిపేస్తే సరిపోయేది. సిమెంటు పోశాక ఆ తప్పుకి లక్షలు పోయాలి.

చట్టం అడగమనే చెప్పింది

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. నాకు మొదట ఆశ్చర్యం కలిగించిన సంగతి ఏంటంటే, పెద్దమ్మ అడిగిన ప్రశ్న మన రాజ్యాంగంలోనే ఉంది.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టణాల్లో స్థానిక ప్రభుత్వాలకి రాజ్యాంగ హోదా ఇచ్చింది అదే. మున్సిపాలిటీలకి అప్పగించదగిన 18 అంశాల జాబితాని 12వ షెడ్యూల్‌లో చేర్చారు. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని కూడా ఆ సవరణ చెప్పింది.

అయితే ఇక్కడో తేడా ఉంది. పల్లెల్లో గ్రామసభ ఉంటుంది. ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు, మీరు ఆ సభలో సభ్యులే. పట్టణాలకి వచ్చేసరికి అలా ప్రతి ఓటరూ కూర్చునే సభని రాజ్యాంగం తప్పనిసరి చేయలేదు. వార్డు కమిటీలో ఎవరుండాలన్నది రాష్ట్రాలకి వదిలేసింది. పల్లె నుంచి పట్టణానికి మారిన కుటుంబం తెలియకుండానే కోల్పోయేది ఇదే.

తెలంగాణలో 2019 నాటి మున్సిపాలిటీల చట్టం ఈ లోటు కొంత పూడ్చింది. ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు ఉండాలంది. యువతకి ఒకటి, మహిళలకి ఒకటి, వయోవృద్ధులకి ఒకటి, వార్డులోని ప్రముఖులకి ఒకటి. ఒక్కో కమిటీలో 15 మంది. అంటే వార్డుకి 60 మంది! 2020 ఫిబ్రవరిలో మొదలైన పట్టణ ప్రగతి కార్యక్రమం సమయంలో చాలా ఊళ్లలో ఈ కమిటీలు ఏర్పాటయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో దారి వేరు. 2019 అక్టోబర్ 2 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. ఆఫీసు జనం దగ్గరికి వచ్చింది.

ఈ కమిటీల సంగతి పెద్దమ్మకి చెబితే ఆమె మళ్లీ నవ్వింది.

"నా పేరు గూడ ఏదో కమిటీల ఉన్నదంట బిడ్డా. ఒకసారి పిలిచిండ్రు, సంతకం తీసుకున్నరు, చాయ్ పోసిండ్రు. అంతే. మళ్ల పిలువలే."

మా వీధి నీళ్ల దారి తెలిసిన మనిషి వార్డు కమిటీలోనే ఉంది. ఆమెని అడిగినవాళ్లు లేరు. అడగాలని ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.

అడగకపోతే ఏమవుతుంది?

మోరీ చిన్న విషయం. ఇదే పొరపాటు ఊరంతటికీ జరిగితే ఎలా ఉంటుందో కామారెడ్డి చూపించింది.

ఏ పట్టణానికైనా మాస్టర్ ప్లాన్ అంటే రాబోయే ఇరవై ఏళ్లకి ఊరి జాతకం లాంటిది. రోడ్డు ఎక్కడ, ఇళ్లు ఎక్కడ, పరిశ్రమలు ఎక్కడ, పచ్చదనం ఎక్కడ అని రంగులు వేసి చూపిస్తారు. ముసాయిదా బయటపెట్టాక అభ్యంతరాలు తీసుకోవడానికి గడువిస్తారు. కామారెడ్డి ముసాయిదాలో చుట్టుపక్కల పల్లెల సాగుభూములు పారిశ్రామిక జోన్‌లోకి వెళ్లాయి. తమ పొలం మ్యాప్‌లో రంగు మారిందని చాలామంది రైతులకి ఆలస్యంగా తెలిసింది. 2023 జనవరి మొదటి వారంలో వాళ్లు కుటుంబాలతో సహా కలెక్టరేట్ ముందు బైఠాయించారు. పట్టణం బంద్ అయింది. ఆ ఆందోళనల నేపథ్యంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. చివరికి అదే నెలలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాని రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ ఆ రోజుల్లోనే ఇలాంటి వ్యతిరేకతతో మాస్టర్ ప్లాన్ వెనక్కి వెళ్లింది.

పద్ధతి ప్రకారం చూస్తే గడువు ఇచ్చారు, అభ్యంతరాలు తీసుకున్నారు. కాగితం మీద అడిగినట్టే ఉంది. కానీ రైతుకి తన సర్వే నంబరు ఏ రంగులో ఉందో పక్కన కూర్చుని చెప్పేవాళ్లు లేకపోతే గోడకి మ్యాప్ తగిలించి ఏం లాభం? నేను ఇంజినీరింగ్ చదివాను. అయినా మొదటిసారి ఒక మాస్టర్ ప్లాన్ మ్యాప్ తెరిస్తే మా ఇల్లు వెతుక్కోవడానికే అరగంట పట్టింది.

అడిగిన ఊళ్లు ఉన్నాయి

మన పక్కనే కేరళ ఉంది. 1996లో అక్కడ ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలైంది. రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం దాకా స్థానిక సంస్థలకే ఇవ్వాలని నిర్ణయించారు. డబ్బు ముందు కనిపించింది కాబట్టి జనం సభలకి వచ్చారు. అక్కడి చిన్న పట్టణాల్లో వార్డు సభలు కూడా ఉన్నాయి. పుణెలో 2006 నుంచి బడ్జెట్ తయారీకి ముందే పౌరుల దగ్గర ఫారాలు తీసుకుంటున్నారు. మా వీధికి ఫుట్‌పాత్ కావాలి, మా బస్టాప్‌కి నీడ కావాలి అని రాసివ్వొచ్చు.

ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే పేరు బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే. 1989లో ఆ నగరం తన బడ్జెట్‌లో కొంత భాగాన్ని ఎలా ఖర్చు పెట్టాలో పేటలవారీగా జనాన్నే తేల్చమంది. పేదపేటలవాళ్లు పార్కులు, ఫౌంటెన్లు అడగలేదు. నీళ్లు, మురుగు కాలువలు అడిగారు. 1988లో 75 శాతం ఇళ్లకి ఉన్న నీటి, మురుగు కనెక్షన్లు 1997 నాటికి 98 శాతానికి చేరాయి. అయితే ఆ కథ అక్కడే ఆగలేదు. పాలకులు మారారు, శ్రద్ధ తగ్గింది, 2017లో ఆ పద్ధతిని నిలిపేశారు. జనం పట్టుకుని ఉన్నంతకాలమే ఇలాంటివి నిలబడతాయి.

మేమేం చేశాం?

మేం పెద్ద ఉద్యమం ఏమీ చేయలేదు. మా వీధివాళ్లం ఎనిమిది మందిమి ఒక ఆదివారం పొద్దున మోరీ వెంట నడిచాం. ముందు పెద్దమ్మ, వెనక మేం. రోడ్డు దాటే చోట తూము అడుగుభాగం మోరీ కంటే జానెడు ఎత్తులో ఉంది. ఇక నీళ్లు ఎలా పోతాయి? వాన పడినప్పుడు ఫోన్లో వీడియో తీశాం. పాత కుంట ఎక్కడుండేదో పెద్దమ్మ చెబుతుంటే నేను మ్యాప్ మీద గీశాను. అంతా కలిపి తెలుగులో రెండు పేజీల అర్జీ రాశాం. 'మోరీ పొంగుతోంది' అని రాయలేదు. 'తూము దించండి, నీళ్లని ఫంక్షన్ హాల్ వెనకకి మళ్లించండి' అని రాశాం. కొత్త బడ్జెట్ తయారవుతున్న రోజుల్లో తీసుకెళ్లి ఇచ్చాం.

రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. మూడోసారి ఏఈ గారు వచ్చి లెవెల్ పెట్టి చూశారు. "ఈ సంగతి ముందే చెబితే బాగుండేది కదా" అన్నారు. పెద్దమ్మ ఊరుకుంటుందా? "అడిగితే చెప్పకపోదుమా సారూ" అంది. ఆయన కూడా నవ్వేశారు. మంచి మనిషే. ఆయన ఒక్కరి మీద ఎన్నో వార్డుల పని ఉంది. వీధి వీధికీ తిరిగి పాత కుంటలు ఎక్కడున్నాయో కనుక్కునే తీరిక ఆయనకెక్కడిది? ఆ సంగతి మనమే మోసుకెళ్లాలి.

ఒక జాగ్రత్త

ఈ ఉత్సాహంలో నేనో తప్పు చేశాను. వీధికి వాట్సాప్ గ్రూపు పెట్టి, అందరినీ చేర్చేశాననుకున్నాను. నెల తర్వాత చూస్తే అందులో అద్దెకున్నవాళ్లు ఒక్కరూ లేరు. పొద్దున్నే మోరీ తీసే కార్మికులు లేరు. మూలమీద కూరగాయల బండి పెట్టుకునే అన్న లేడు. నీళ్లు నిలిస్తే ముందు నష్టపోయేది అతనే!

వీధి వ్యాపారుల కోసం 2014లో వచ్చిన చట్టం ఈ ముప్పుని ముందే ఊహించింది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని, అందులో మూడో వంతు మహిళలని రాసింది. ఇల్లున్నవాళ్లం, ఇంగ్లీషు వచ్చినవాళ్లం మాత్రమే మాట్లాడితే, ఊరు మా సౌకర్యానికి తగ్గట్టే తయారవుతుంది. మమ్మల్ని అడగలేదని గోల పెట్టినవాళ్లమే ఇంకొకరిని అడగడం మర్చిపోతాం.

మీరు మొదలుపెట్టాలనుకుంటే

మీ వార్డు కమిటీల సభ్యులెవరో మున్సిపల్ ఆఫీసులో అడగండి. ఆ జాబితాలో మీ పక్కింటివాళ్ల పేరే ఉండొచ్చు. మీ వీధి పని ఎస్టిమేట్ కావాలంటే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి మీ కోరిక చలికాలంలోనే ఆఫీసుకి చేరాలి. జూన్‌లో వాన పడ్డాక కాదు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చిందని తెలిస్తే మీ సర్వే నంబరుతో పాటు పక్కవాళ్లదీ వెతికిపెట్టండి. అభ్యంతరం ఉంటే గడువులోగా రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. తెలంగాణలోనైతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉండనే ఉంది. ఒక్కరే వెళ్లకండి, ఐదుగురు వెళ్లండి.

మా తూము ఈ ఎండాకాలంలో దించారు. పని జరిగిన రెండు రోజులూ పెద్దమ్మ కొట్టు బయట కుర్చీ వేసుకుని కూర్చుని మేస్త్రీకి సలహాలు ఇస్తూనే ఉంది. మొదటి పెద్ద వానకి మా అరుగు దాకా నీళ్లు రాలేదు. ఫంక్షన్ హాల్ వెనక మళ్లింపు మాత్రం ఇంకా కాలేదు, అక్కడ నీళ్లు నిలుస్తున్నాయి.

దానికోసం రెండో అర్జీ సిద్ధమైంది. ఈసారి మొదటి సంతకం పెద్దమ్మది, కింద 'వార్డు మహిళా కమిటీ సభ్యురాలు' అని ఆమే రాసింది. రెండో సంతకం కూరగాయల బండి అన్నది.