సూరత్ బట్ట లారీ దిగి రైలెక్కాలంటే

సూరత్‌లోని డిండోలి, లింబాయత్ ప్రాంతాల్లో మరమగ్గాల పనితో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ నగరంలో తయారయ్యే బట్ట ఎక్కువగా లారీల మీదే దేశమంతా తిరుగుతుంది. అదే సరుకు రైలెక్కితే ఇంధనం ఆదా అవుతుందంటారు. ఎలా? అలాంటప్పుడు అందరూ రైలునే ఎందుకు ఎంచుకోరు?

లారీ టైరు దొర్లుతున్నప్పుడు రోడ్డుకు తగిలే భాగం నొక్కుకుపోయి, మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. ఈ క్రమంలో కొంత శక్తి వేడిగా పోతుంది. దూరం నుంచి వచ్చిన లారీ టైరు వేడిగా ఉండటానికి ఇదొక కారణం. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దాదాపుగా నొక్కుకోదు. చదును రోడ్డు మీద 1,000 కిలోల బరువును దొర్లించడానికి సుమారు 7 కిలోల బరువును ఎత్తేంత బలం కావాలి. పట్టాల మీద ఒకటిన్నర కిలో చాలు.

అయితే ఎత్తు ఎక్కాల్సి వస్తే లెక్క మారుతుంది. 200 మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరిగినా, ప్రతి 1,000 కిలోలకూ అదనంగా 5 కిలోల బలం కావాలి. లారీకి 7 కాస్తా 12 అవుతుంది. రైలుకు ఒకటిన్నర కాస్తా ఆరున్నర, అంటే నాలుగు రెట్లకు పైనే. అందుకే సరుకు రైళ్ల కోసం ప్రత్యేకంగా వేసిన మార్గాల్లో వాలు 200కి 1 మించకుండా కట్టారు.

ఢిల్లీ సమీపంలోని దాద్రీ నుంచి ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవు వరకు తలపెట్టిన పశ్చిమ కారిడార్ పొడవు 1,506 కిలోమీటర్లు. అందులో సూరత్ జిల్లా మీదుగా సాగే మకర్‌పురా–ఘోల్వడ్ భాగాన్ని 2024 మార్చి 12న జాతికి అంకితం చేశారు. మామూలు లైన్లలో ప్రయాణికుల రైలుకు దారివ్వడానికి గూడ్సు బండి గంటల తరబడి ఆగుతుంది. ఇక్కడ ఆ నిరీక్షణ ఉండదు. ఒకదాని మీద ఒకటిగా రెండు కంటైనర్లను పెట్టి తీసుకెళ్లవచ్చు.

ఇక రెండో ప్రశ్న. లారీకైతే సరుకును ఒకసారి ఎక్కించి, ఒకసారి దించితే సరిపోతుంది. రైలుకైతే మగ్గాల షెడ్డు నుంచి టెంపోలో గూడ్స్ షెడ్డుకు, అక్కడి నుంచి వ్యాగన్‌లోకి, దిగాక మళ్లీ టెంపోలోకి మార్చాలి. ప్రతి మార్పుకూ కూలీ, సమయం ఖర్చవుతాయి. దూరం తక్కువైతే పట్టాల మీద మిగిలినదంతా ఇక్కడే హరించుకుపోతుంది.

దిశ కూడా ముఖ్యమే. పశ్చిమ కారిడార్ ఉత్తర, దక్షిణాలుగా సాగుతుంది. హైదరాబాద్, విజయవాడలకు వెళ్లే బట్టకు దానివల్ల నేరుగా ఒరిగేది తక్కువ. భుసావల్–డంకుని, ఇటార్సీ–విజయవాడ, ఖరగ్‌పూర్–విజయవాడ కారిడార్లను 2021 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అవి వచ్చినా, మగ్గం దగ్గర కట్టిన మూట దుకాణం చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందన్నదే లారీకీ రైలుకీ మధ్య తీర్పు చెబుతుంది.