గీత ఎక్కడ గీస్తారు?

యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని 2016లో బ్రిటన్ తన ప్రజల్ని అడిగింది. జవాబు తెల్లారేసరికి వచ్చేసింది. ఆ జవాబును అమలు చేయడానికి గీయాల్సిన గీత ఎక్కడ పడాలో మాత్రం ఏళ్ల తరబడి తేలలేదు.

పెట్టిగో చిన్న ఊరు. ఊరి మధ్యలోంచి టెర్మన్ అనే చిన్న నది పారుతుంది. నదికి ఒక ఒడ్డున ఐర్లండ్ రిపబ్లిక్‌లోని డొనెగాల్, రెండో ఒడ్డున బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర ఐర్లండ్. వంతెన దాటితే దేశం మారుతుంది, చేతిలో నోటు యూరో నుంచి పౌండ్‌కు మారుతుంది. ఆపి అడిగేవాళ్లు మాత్రం ఉండరు. ఆ ప్రాంతంలో కారులో పోతున్నవాళ్లకు దేశం మారిన సంగతి తెలియాలంటే రోడ్డు అంచు చూసుకోవాలి. రిపబ్లిక్‌లో అంచు గీత పసుపు, ఉత్తర ఐర్లండ్‌లో తెలుపు. వేగ పరిమితి బోర్డు అక్కడ కిలోమీటర్లలో ఉంటే ఇక్కడ మైళ్లలో ఉంటుంది. అంతే తేడా.

ఈ సరిహద్దు పొడవు దాదాపు 500 కిలోమీటర్లు. దాన్ని దాటే దారులు 200కు పైనే. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లోనే ఉండాలా, ఐర్లండ్‌లో కలవాలా అని సాయుధ ఘర్షణ సాగిన 1970ల్లో, 80ల్లో బ్రిటిష్ సైన్యం వీటిలో చాలావాటిని గోతులు తవ్వీ, కాంక్రీటు దిమ్మెలు అడ్డం పెట్టీ మూసేసింది. కొండల మీద కావలి బురుజులు లేచాయి. 3,500 మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ ఘర్షణ 1998 ఏప్రిల్ 10న కుదిరిన గుడ్‌ఫ్రైడే ఒప్పందంతో చల్లబడింది. బురుజులు దించేశారు. రెండు వైపులా యూరోపియన్ యూనియన్ సభ్య దేశాలే కాబట్టి సరుకుల తనిఖీ అంతకుముందే, 1993లో ఉమ్మడి మార్కెట్ వచ్చినప్పుడే, పోయింది. ఉత్తర ఐర్లండ్ పాడి రైతు పిండిన పాలు పొద్దున్నే ట్యాంకర్‌లో సరిహద్దు దాటి రిపబ్లిక్‌లోని ఫ్యాక్టరీలో వెన్నగానో, పాలపొడిగానో మారడం అక్కడ రోజువారీ పని. ఆ ట్యాంకరు డ్రైవరుకు సరిహద్దు అనేది పటం మీద మాట.

2016 జూన్ 23న ఓటర్లకిచ్చిన బ్యాలెట్ కాగితం మీద ఈ 500 కిలోమీటర్ల ఊసు లేదు. ఉండాలా, వదిలేయాలా అన్న ప్రశ్న, రెండు గళ్లు ఉన్నాయి.

ఒక దేశం పెద్ద కూటమిలో ఉండాలా వద్దా అన్న చర్చ ఎక్కడ జరిగినా పౌరుషం చుట్టూ తిరుగుతుంది. మన చట్టాలు మనవేనా, మన డబ్బు ఎవరు తింటున్నారు, మన గడ్డ మీదికి ఎవరొస్తున్నారు అని. ఇవి అడగాల్సిన ప్రశ్నలే. అయితే బయటికి రావడమంటే చివరికి ఎక్కడో ఒకచోట గీత గీయడం. ఆ గీత ఎవరి పొలం మీదుగా, ఎవరి రేవు ముందు పడుతుందో చెప్పకుండా జనాన్ని ఓటు అడగకూడదు. బ్రిటన్ చేసిన తప్పు అదేనని నా నమ్మకం.

పార్టీ గొడవ దేశం నెత్తిన

బ్రిటన్ ఈ కూటమిలో చేరింది ఆలస్యంగా. 1963లో ఒకసారి, 1967లో మరోసారి ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగోల్ అడ్డుపడ్డారు. ఎడ్వర్డ్ హీత్ ప్రధానిగా ఉండగా 1973 జనవరి 1న తలుపు తెరుచుకుంది. 1975లో రెఫరెండం పెడితే 67 శాతం మంది ఉందామనే అన్నారు. ఆ తర్వాత కూడా బ్రిటన్ యూరో తీసుకోలేదు, పాస్‌పోర్ట్ తనిఖీల్లేని షెంగెన్‌లో చేరలేదు, కట్టాల్సిన చందాలో ప్రత్యేక తగ్గింపు సాధించుకుంది. అన్ని వెసులుబాట్లు ఉన్న సభ్యదేశం ఇంకొకటి లేదంటే అతిశయోక్తి కాదు.

అయినా కన్జర్వేటివ్ పార్టీలో యూరప్ పేచీ ఆరలేదు. దాన్ని ఒక్క దెబ్బతో తేల్చేయాలని అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ 2013 జనవరిలో రెఫరెండం హామీ ఇచ్చారు. పార్టీలోని గొడవను తెచ్చి దేశం నెత్తిన పెట్టారు. ఓటింగ్‌లో 51.9 శాతం వదిలేద్దామన్నారు, 48.1 శాతం ఉందామన్నారు. ఇంగ్లండ్, వేల్స్ వదిలేద్దామంటే స్కాట్లండ్ 62 శాతంతో, ఉత్తర ఐర్లండ్ 56 శాతంతో ఉందామన్నాయి. మర్నాడు పొద్దున్నే కామెరాన్ రాజీనామా ప్రకటించారు.

అసలు చిక్కు అప్పుడే మొదలైంది. బయటికి అంటే ఎంత బయటికి? నార్వే సభ్యదేశం కాదు, అయినా ఉమ్మడి మార్కెట్‌లో ఉంది. బదులుగా అక్కడి నిబంధనలు పాటిస్తుంది, డబ్బూ కడుతుంది. టర్కీకి కస్టమ్స్ పొత్తు ఉంది. కెనడాకు ఉన్నది వాణిజ్య ఒప్పందం. వదిలేద్దామని ఓటేసిన కోటీ 74 లక్షల మందిలో ఎవరి మనసులో ఏ దారి ఉందో చెప్పే గడి బ్యాలెట్‌పై లేదు. గెలిచాక ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుని, ఇదే ప్రజాతీర్పు అన్నారు.

బోస్టన్ బాధ అబద్ధం కాదు

వదిలేద్దామన్న ఓటు దేశం మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ పడింది లింకన్‌షైర్‌లోని బోస్టన్‌లో: 75.6 శాతం. చుట్టూ క్యాబేజీ, కాలీఫ్లవర్ పండే చదును నేల. 2004లో పోలండ్, లిథువేనియా సహా తూర్పు యూరప్ దేశాలు యూనియన్‌లో చేరినప్పుడు, వాళ్ల కార్మికులకు మొదటిరోజు నుంచే తలుపులు తెరిచినవి బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే. బోస్టన్ పొలాల్లో, కూరగాయల ప్యాకింగ్ షెడ్లలో పనికి వేలమంది వచ్చారు. కూలి పెరగలేదు, ఇంటి అద్దె పెరిగింది. డాక్టరు దగ్గర, బడిలో వరుసలు పెరిగాయి. వచ్చినవాళ్లు కట్టిన పన్ను లండన్ ఖజానాకు చేరింది గానీ, ఆ మేరకు బోస్టన్‌కు కొత్త ఆస్పత్రి గదులూ తరగతి గదులూ రాలేదు. ఇది లండన్ ప్రభుత్వాలు చేసిన నిర్లక్ష్యం. దాని కోపం యూనియన్ కేంద్రమైన బ్రసెల్స్ మీదికి మళ్లింది. ఆ ఓటర్లను తెలివితక్కువవాళ్లని తీసిపారేసిన పెద్దమనుషులంటే నాకు ఇప్పటికీ కోపమే. ఉందామనే పక్షానికి కావలసిన వినయం అప్పుడు కొరవడింది.

అవతలి పక్షం చేసింది ఇంకా ఘోరం. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కు పంపుతున్నాం, ఆ డబ్బు ఆరోగ్య సేవకు ఇద్దామని ఎర్ర బస్సు మీద రాసుకుని తిరిగారు. ఆ లెక్కలో, చందా తగ్గింపు కింద అసలు దేశం దాటి పోనే పోని సొమ్ము కూడా కలిపి ఉంది. అది తప్పుదారి పట్టించే లెక్క అని దేశ గణాంక సంస్థే చెప్పింది. బస్సు మాత్రం ఆగలేదు.

ఆ ఓటులో మనవాళ్ల చేయి కూడా ఉందని ఇక్కడ చాలామందికి తెలియదు. పద్దెనిమిదేళ్లు నిండి, బ్రిటన్‌లో ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులందరికీ ఓటు హక్కు ఇచ్చారు. భారత పాస్‌పోర్ట్‌తో, వర్క్ వీసా మీద రీడింగ్‌లోనో స్లౌలోనో ఉంటున్న తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఓటేయొచ్చు. పదేళ్లుగా పక్కింట్లో ఉంటూ పన్ను కడుతున్న పోలండ్ వడ్రంగికి ఓటు లేదు. అతని బతుకు మీద తీర్పు చెప్పే అవకాశం మనవాళ్లకు వచ్చింది, అతనికి రాలేదు. యూరప్ వాళ్లను తగ్గిస్తే కూర హోటళ్లకు మన దేశాల వంటవాళ్లను తెచ్చుకోవచ్చని అప్పటి మంత్రి ప్రీతి పటేల్ దక్షిణాసియా ఓటర్లకు చెప్పుకొచ్చారు.

మూడింట్లో రెండే

రెఫరెండం అయ్యాక లండన్‌కు మూడు కోరికలు మిగిలాయి. ఉమ్మడి మార్కెట్, కస్టమ్స్ పొత్తు రెండూ వదిలేయాలి. ఐర్లండ్ సరిహద్దులో తనిఖీలు ఉండకూడదు. ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య కూడా గీత ఉండకూడదు. వీటిలో ఏ రెండైనా సాధ్యమే, మూడూ ఒకేసారి అసాధ్యం. ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందం, వేరే దారి దొరికేదాకా దేశం మొత్తాన్ని యూరప్ కస్టమ్స్ నీడలో ఉంచేది. 2019 జనవరి 15న పార్లమెంటు దాన్ని 432-202 ఓట్లతో తోసిపుచ్చింది. ఆధునిక బ్రిటన్‌లో ఏ ప్రభుత్వానికీ అంత ఓటమి లేదు. మరో రెండుసార్లు పెట్టినా నెగ్గలేదు.

తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ మూడో కోరికను వదిలేశారు. ఉత్తర ఐర్లండ్‌ను వేరుచేస్తూ సముద్రంలో గీత గీయడానికి ఏ కన్జర్వేటివ్ ప్రభుత్వమూ ఒప్పుకోకూడదని 2018 నవంబరులో బెల్‌ఫాస్ట్‌లో, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టుల సభలో చెప్పింది ఆయనే. ఏడాది తిరక్కుండానే ఆ గీతకే ఒప్పుకున్నారు. 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు బ్రిటన్ బయటికొచ్చింది.

గీత సముద్రం మీద పడ్డాక ఏమైందంటే, ఇంగ్లండ్‌లో తయారైన చల్లని సాసేజ్‌లు తమ దేశంలోనే ఉన్న బెల్‌ఫాస్ట్ దుకాణానికి చేరడం పెద్ద అంతర్జాతీయ వివాదమైంది. యూనియన్ నిబంధనల ప్రకారం బయటి దేశం నుంచి అలాంటి మాంసం రాకూడదు మరి. 2022 ఫిబ్రవరిలో యూనియనిస్టులు ప్రభుత్వం నుంచి తప్పుకుంటే ఉత్తర ఐర్లండ్‌కు రెండేళ్లపాటు సొంత మంత్రివర్గమే లేదు. 2023 విండ్సర్ ఒప్పందంతో ఉత్తర ఐర్లండ్‌లోనే అమ్ముడుపోయే సరుకుకు పచ్చ దారి, అక్కడి నుంచి యూరప్‌కు పోగలిగేదానికి ఎర్ర దారి పెట్టారు. పచ్చ దారిలో వెళ్లే మాంసం, పాల ప్యాకెట్ల మీద 'యూరప్‌కు కాదు' అని ముద్ర వేస్తున్నారు.

సముద్రం అవతల కూడా గీత పనిచేసింది. వేల్స్ తీరంలో, ఇంగ్లండ్ నైరుతి తీరంలో ఆల్చిప్పలు పట్టేవాళ్లు సరుకును బతికుండగానే ఫ్రాన్స్‌కో నెదర్లాండ్స్‌కో పంపేవాళ్లు. శుద్ధి అక్కడ జరిగేది. బయటి దేశమయ్యాక, శుద్ధి చేయని ఆల్చిప్పలను యూరప్ తీసుకోదు. మిగతా చేపలకు పశువైద్యుడి సంతకంతో ఆరోగ్య పత్రం కావాలి. ఇరవై నాలుగు గంటల్లో మార్కెట్‌కు చేరాల్సిన సరుకు కాగితాల కోసం ఆగితే ఏమవుతుందో నిజాంపట్నం, కాకినాడ రేవుల్లోని వాళ్లకు వివరించక్కర్లేదు. 2021 జనవరిలో చేపల లారీలు పార్లమెంటు ముందుకొచ్చి నిలబడ్డాయి. మా సముద్రం మాకు కావాలని రెఫరెండంలో గట్టిగా అడిగిన రంగాల్లో చేపల వేట ముందుంది. పట్టిన చేపలో ఎక్కువ భాగం కొనేది యూరపే అన్న సంగతి ప్రచారంలో వినిపించలేదు.

లెక్క చెప్పాలంటే, యూనియన్‌లోనే ఉండి ఉంటే చేరే స్థాయి కన్నా దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువగా ఉంటుందని ప్రభుత్వ బడ్జెట్ అంచనాల సంస్థ ఓబీఆర్ లెక్కగట్టింది. వలస కూడా వెంటనే తగ్గలేదు. 2015లో నికర వలస 3.3 లక్షలుంటే 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 9 లక్షలు దాటింది. తూర్పు యూరప్ వాళ్లు తగ్గారు. భారత్, నైజీరియా వాళ్లు పెరిగారు. 2021 జులైలో చదువయ్యాక రెండేళ్లు పనిచేసుకునే గ్రాడ్యుయేట్ వీసా వచ్చాక, హైదరాబాద్, విజయవాడ కన్సల్టెన్సీల ముందు కట్టిన క్యూలు ఆ మార్పులో భాగమే. మరుసటేడు వృద్ధుల సంరక్షణ పనికి తలుపు తీశారు. 2024లో చాలామంది విద్యార్థులు, సంరక్షకులు కుటుంబాన్ని తెచ్చుకోవడం ఆపేశారు. 2025 జులైలో సంరక్షకుల తలుపు మూసేశారు. అప్పుచేసి వెళ్లిన మన పిల్లలు ఆ నిబంధనల మార్పులకు బలయ్యారు. బోస్టన్ కోపం చల్లారలేదు, దాని గురి మనవాళ్ల మీదికి తిరిగింది.

బయటికి రావడం వల్ల ఏమీ దక్కలేదని అనను. సొంత వాణిజ్య ఒప్పందాలు చేసుకునే హక్కు తిరిగి వచ్చింది. 2025 జులై 24న భారత్‌తో సంతకాలైన ఒప్పందం దాని ఫలమే. 150 శాతం ఉన్న స్కాచ్ విస్కీ సుంకం మొదట 75కు, పదేళ్లలో 40కి దిగుతుంది. కూటమి వదిలినవాళ్లంతా నష్టపోవాలన్న శాసనమూ లేదు. గ్రీన్‌ల్యాండ్ 1982లో రెఫరెండం పెట్టుకుంది. డెన్మార్క్ వెంట ఇష్టం లేకుండానే చేరిన ఆ దీవికి కావలసింది ఒక్కటే, తన చేపల మీద తన మాట. 53 శాతం వదిలేద్దామన్నారు. మూడేళ్లు కూర్చుని మాట్లాడి, యూరప్ పడవలకు డబ్బు తీసుకుని వేట హక్కులిచ్చి, తన చేపలకు సుంకం లేని మార్కెట్ తెచ్చుకుని 1985 ఫిబ్రవరి 1న బయటికొచ్చింది. ఏం కావాలో ముందే తెలిసినవాళ్ల పని అలా ఉంటుంది. గీత పడటానికి చుట్టూ సముద్రం కూడా ఉంది వాళ్లకు.

బ్రిటన్ ఉండిపోవాల్సిందని నా అభిప్రాయం. ఇప్పుడు సర్వేల్లో సగానికి పైగా బ్రిటన్ వాసులు అదే అంటున్నారు. తిరిగి చేరే మాట ప్రధానిగా కీర్ స్టార్మర్ ఎత్తలేదు. 2025 మేలో లండన్‌లో యూరప్‌తో కుదిరిన అవగాహనలో ఆహార, వ్యవసాయ సరుకు తనిఖీలు తగ్గించడానికి చర్చలు జరుపుతామన్నారు. బదులుగా యూరప్ పడవలకు బ్రిటన్ జలాల్లో వేట హక్కు 2038 దాకా పొడిగించారు. ఏ చేపల కోసం పోట్లాడారో ఆ చేపలనే ఇచ్చి, వదులుకున్న సౌకర్యంలో కొంత కొనుక్కున్నారు. ఆ అవగాహన ప్రకారం, యూరప్ నిబంధనలు మారితే ఆహార సరుకుల్లో బ్రిటన్ కూడా మారాలి. ఆ నిబంధనలు రాసే బల్ల దగ్గర ఇప్పుడు దానికి కుర్చీ లేదు.

ఇక సముద్రం మీది గీత. దాన్ని కొనసాగించాలా వద్దా అని 2024 డిసెంబరు 10న ఉత్తర ఐర్లండ్ అసెంబ్లీలో ఓటింగ్ జరిగింది. 48 మంది సరే అన్నారు, 36 మంది వద్దన్నారు. యూనియనిస్టుల్లో ఒక్కరూ సరే అనలేదు. యూనియనిస్టులు, ఐర్లండ్‌లో కలవాలనేవాళ్లు, ఇలా రెండు వర్గాల మద్దతూ ఉంటే గడువు ఎనిమిదేళ్లు వచ్చేది, లేదు కాబట్టి నాలుగేళ్లే. 2028లో అదే ప్రశ్న మళ్లీ ఓటుకు రావాలి.