చేతులు కడిగితే తేలిన లెక్క

1847 ఏప్రిల్‌లో వియన్నా జనరల్ హాస్పిటల్ మొదటి ప్రసూతి విభాగంలో 312 కాన్పులు జరిగితే 57 మంది బాలింతలు చనిపోయారు. జూన్‌లో 268 కాన్పులకు మరణాలు ఆరు. ఈ మధ్యలో కొత్త మందేదీ రాలేదు. వైద్యులు చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు.

10కీ 4కీ మధ్య తేడా

ఆ ఆసుపత్రిలో ప్రసూతి విభాగాలు రెండు. మొదటి దాంట్లో వైద్య విద్యార్థులు, రెండో దాంట్లో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1841–46 మధ్య మొదటి దాంట్లో నూటికి దాదాపు 10 మంది తల్లులు చనిపోగా, రెండో దాంట్లో సగటున నలుగురికి మించలేదు. విద్యార్థులు శవపరీక్ష చేసి, ఆ చేతులతోనే కాన్పులకు వచ్చేవారు. శవపరీక్షలో వేలికి కత్తి గాటు పడిన ప్రొఫెసర్ కొలెచ్కా ఆ తల్లుల ప్రాణం తీసిన బాలింత జ్వరం లక్షణాలతోనే చనిపోవడంతో, శవాల నుంచి చేతులకు అంటుకున్నదేదో ఆ జ్వరం తెస్తోందని అక్కడి డాక్టర్ ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్‌కు అర్థమైంది. 1847 మే నెలలో క్లోరిన్ ద్రావణంతో చేతులు కడగడం తప్పనిసరి చేశారు. 1848లో 3,556 కాన్పులకు మరణాలు 45.

35లో 16, 40లో 6

ఇంత స్పష్టమైన లెక్కనూ చాలామంది వైద్యులు ఒప్పుకోలేదు. చేతులకు అంటుకున్నదేమిటో ఆయన చూపించలేకపోయారు. 1865లో, 47 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

కుళ్లడానికి కారణం సూక్ష్మజీవులేనని ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాశ్చర్ చేసిన ప్రయోగాలు చదివిన శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్, అదే ఏడాది గ్లాస్గోలో గాయాలకు కార్బాలిక్ ఆమ్లం వాడారు. ఆ పద్ధతి పూర్తిగా అమల్లోకి రాకముందు, 1864–66లో, ఆయన దగ్గర కాలో చెయ్యో తీసేసిన 35 మందిలో 16 మంది చనిపోయారు. 1867 నుంచి ఆ పద్ధతి పాటించాక 40 మందిలో ఆరుగురు. 1879లో పాశ్చర్ బాలింత జ్వరానికి కారణమైన గొలుసుకట్టు సూక్ష్మజీవులను చూపించారు. సెమ్మెల్‌వైస్ లెక్కకు కారణం అప్పటికి దొరికింది.

ఇప్పటికీ 15

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం, ఆసుపత్రుల్లో చేరిన ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో ఏడుగురికి, పేద, మధ్యాదాయ దేశాల్లో 15 మందికి అక్కడే కొత్త ఇన్ఫెక్షన్ సోకుతోంది. అలా సోకినవారిలో సగటున పదిమందిలో ఒకరు చనిపోతున్నారు.

సబ్బుతో కడగడానికి 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు చాలు. ఆసుపత్రిలో ఉన్న మనవాళ్లను చూడటానికి వెళ్తే ముందు మన చేతులు కడుక్కుందాం. సెలైన్ సూది పట్టుకుని వచ్చినవారిని "చేతులు కడుక్కున్నారా?" అని మర్యాదగానే అడుగుదాం. అలా అడగడానికి మొహమాటపడొద్దు.