అతివ్యాప్త బహుభుజుల విలీనం: పంట విస్తీర్ణ పటాలలో పాటించవలసిన జాగ్రత్తలు

కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుము విత్తనం వెదజల్లడం చిరకాలంగా ఉన్న పద్ధతి. ఆ రోజులలో జిపిఎస్ సహాయంతో పొలాలను నమోదు చేస్తే ఒకే మడికి రెండు బహుభుజులు, అంటే పాలిగాన్లు, ఏర్పడతాయి. ఒకటి వరిది, రెండవది మినుముది. క్షేత్రం చూడని వ్యక్తికి కంప్యూటరు తెరపై ఇది నమోదులో దొర్లిన దోషంగానే కనిపిస్తుంది. డిసాల్వ్ ఆదేశం ఇవ్వగానే పటం శుభ్రపడుతుంది, దానితోపాటు మినుము మాయమవుతుంది.

భౌగోళిక సమాచార వ్యవస్థలలో అతివ్యాప్త బహుభుజులను కలపడం క్షణాలలో ముగిసే పని. అయితే ఆ అతివ్యాప్తి ఎందుకు ఏర్పడిందో సాఫ్ట్‌వేరుకు తెలియదు. ఒకే చేనును ఇద్దరు సిబ్బంది వేర్వేరుగా నమోదు చేసి ఉంటే ఒక దానిని తొలగించాలి. పక్కపక్క కమతాల హద్దులు గట్టు దాటి ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి ఉంటే హద్దును సవరించాలి. యజమానులు ఇద్దరు కాబట్టి అక్కడ విలీనానికి తావు లేదు. ఒకే నేలపై నిజంగానే రెండు పంటలు ఉంటే సవరించవలసినదేమీ లేదు.

వ్యవసాయ గణాంకాలలో ఈ భేదం మొదటినుంచీ ఉన్నదే. ఒకటికంటే ఎక్కువసార్లు సాగైన భూమిని ఒక్కసారే లెక్కిస్తే నికర సాగు విస్తీర్ణం, ప్రతి పంటకూ విడిగా లెక్కిస్తే స్థూల సాగు విస్తీర్ణం వస్తాయి. ఉదాహరణకు 100 హెక్టార్ల వరి మాగాణిలో 40 హెక్టార్లలో మినుము చల్లారనుకుంటే నికర విస్తీర్ణం 100, స్థూల విస్తీర్ణం 140 హెక్టార్లు, పంటల సాంద్రత 140 శాతం. బహుభుజులన్నిటినీ ఒకటిగా కలిపిన పటం నికర విస్తీర్ణాన్ని మాత్రమే ఇస్తుంది. దానినే పంటల విస్తీర్ణంగా పైకి నివేదిస్తే మినుము రైతుకు నష్టం జరగవచ్చు. బీమా చేసిన విస్తీర్ణం సాగు విస్తీర్ణాన్ని మించినప్పుడు బీమా మొత్తాన్ని ఆ నిష్పత్తిలో తగ్గించే నిబంధన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మార్గదర్శకాలలో ఉంది. పత్తిలో కంది వంటి అంతర పంటల విషయం మరింత సున్నితమైనది. అక్కడ రెండు బహుభుజుల పూర్తి విస్తీర్ణాలను కూడితే లెక్క పెరిగిపోతుంది. వరుసల నిష్పత్తి ప్రకారం విస్తీర్ణాన్ని పంచవలసి ఉంటుంది. ఆ నిష్పత్తి పటంలో కనిపించదు, పొలంలోనే రాసుకోవాలి.

క్యూజిఐఎస్‌లో ఆదేశాల పేర్లు కొంత తికమక పెడతాయి. మెర్జ్ వెక్టర్ లేయర్స్ అనేది వేర్వేరు పొరలను ఒక ఫైలులోకి చేరుస్తుందే గాని ఆకారాలను కలపదు. అతివ్యాప్తులు అలాగే మిగులుతాయి. డిసాల్వ్ ఆకారాలను కలుపుతుంది, కాని కలిసిన బహుభుజికి మొదట ఎదురైన బహుభుజి సమాచారాన్ని మాత్రమే ఉంచుతుంది. పంట పేరు ఉన్న కాలమ్‌ను ఎంచుకొని డిసాల్వ్ చేస్తే వరి వరితోను, మినుము మినుముతోను కలుస్తాయి, రెండు పంటల మధ్య అతివ్యాప్తి భద్రంగా ఉంటుంది. పంటవారీ విస్తీర్ణానికి ఇదే తగిన మార్గం.

అతివ్యాప్తి ఎక్కడ ఉన్నదో ముందుగా చూడాలనుకుంటే యూనియన్ ఆదేశాన్ని ఒకే పొరపై వాడవచ్చు. 1.20, 0.90 హెక్టార్ల రెండు బహుభుజులు 0.15 హెక్టార్ల మేర ఒకదానిపై ఒకటి పడితే యూనియన్ నాలుగు ముక్కలను ఇస్తుంది: 1.05, 0.75, రెండుసార్లు 0.15. ఉమ్మడి ముక్క రెండుసార్లు రావడం లోపం కాదు; ఒక్కొక్క ప్రతి ఒక్కొక్క బహుభుజి సమాచారాన్ని మోస్తుంది. ఇది చూడకుండా డిలీట్ డూప్లికేట్ జామెట్రీస్ వాడితే విస్తీర్ణం 1.95 హెక్టార్లకు సరిపోతుంది గాని ఒక రైతు వివరమో, ఒక పంట వివరమో పోతుంది. ఆకారాలలో దోషాలుంటే ఈ ఆదేశాలు మధ్యలో ఆగిపోతాయి, కనుక ముందుగా ఫిక్స్ జామెట్రీస్ నడపడం మేలు.

హద్దుల అతివ్యాప్తి చిన్నదిగా కనిపించినా ఉపేక్షించదగినది కాదు. సాధారణ మొబైలు జిపిఎస్‌లో ఆరుబయట కూడా సుమారు 5 మీటర్ల దోషం ఉండవచ్చు. 100 మీటర్ల గట్టు వెంబడి 3 మీటర్ల అతివ్యాప్తి ఉంటే అది 300 చదరపు మీటర్లు, అంటే దాదాపు 3 గుంటలు. ఎకరా కమతంలో ఇది 7 శాతానికి పైమాటే. కొత్తగా గీసేటప్పుడు స్నాపింగ్‌తోపాటు అతివ్యాప్తిని నివారించే ఐచ్ఛికాన్ని అమర్చుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

చివరగా విస్తీర్ణపు లెక్క. వెబ్ మెర్కేటర్ ప్రక్షేపంలో 17 డిగ్రీల అక్షాంశం వద్ద సమతల విస్తీర్ణం సుమారు 9 శాతం ఎక్కువ వస్తుంది. ఎంత శ్రద్ధగా విలీనం చేసినా ఈ తేడా పోదు. హైదరాబాదు, గుంటూరు ప్రాంతాలకు యుటిఎం 44 ఉత్తర మండలం, అనంతపురానికి 43, ఇచ్ఛాపురానికి 45 వర్తిస్తాయి. విలీనానికి ముందు, తరువాత విస్తీర్ణాలను ఒకే ప్రక్షేపంలో లెక్కించి పక్కపక్కన రాసుకోవాలి. తేడా కనిపించినప్పుడు తిరిగి చూసుకోవడానికి మూల పొరను మార్చకుండా విడిగా భద్రపరచాలి.